ముందు పది వాడి చూడండి

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఎదురుగా నాకు మెడికల్ షాపు ఉండేది. హమాలీలు వచ్చి రెండు మాత్రలు అడిగితే షీటు కత్తిరించి ఇచ్చేవాణ్ణి. రోజు కూలీ మీద బతికేవాళ్లకు షీటు మొత్తం అంటగట్టడం నాకు నచ్చేది కాదు. క్రమంగా అందరికీ అదే పద్ధతి చేశాను. డాక్టర్ నెలకు రాసినా, "ముందు పది వాడి చూడుండ్రి, పడితే మళ్ల తీస్కపోదురు" అనేవాణ్ణి. జనం మంచోడు అనేవాళ్లు. పొగిడితే ఉబ్బిపోయే గుణం నాకు మొదట్నుంచీ ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పే సార్ ఒకాయన నా దగ్గరికే వచ్చేవాడు. కోస్తా మనిషి, మాట మెత్తన. ఆ ఏడాది ఆయనకు క్లాసులో అడుగుపెడితే చాలు గుండె దడ, చెమటలు, చేతుల వణుకు. రెండుసార్లు పాఠం మధ్యలోనే బయటికి వచ్చేశాడట. మూడోసారి అలా జరిగితే ఉద్యోగం ఉండదని యాజమాన్యం చెప్పేసింది. తోటి లెక్చరర్ వేసుకునే, అరగంటలో దడ తగ్గించే మాత్ర తనకూ రాయమని మానసిక వైద్యుణ్ణి అడిగాడు. అది అలవాటైపోతుందని, వదిలించుకోవడం కష్టమని ఆ డాక్టర్ ఒప్పుకోలేదు. రోజుకొకటి వేసుకునే వేరే మందు రాసి, ఆరు వారాల తర్వాత రమ్మన్నాడు.

"ఆరు వారాలకీ ఇచ్చేయండి," అన్నాడు సార్.

"గన్ని ఎందుకు సార్? ముందు పది తీస్కపోండ్రి."

పదో రోజు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "కడుపులో తిప్పుతోందండీ. దడ కాస్త ఎక్కువైంది కూడా. డాక్టరు గారికి ఫోన్ చేద్దామా అనుకుంటున్నా. మీరేమంటారు?"

ఆ మందు గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని, మొదట్లో వచ్చే ఇబ్బందులు చాలామందికి వాటంతటవే తగ్గుతాయని నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అసలే తెలియదు. "మీకు పడతలేదు సార్, ఆపేయిండ్రి. గీ మందులతోటి పరేషాన్ ఎందుకు?" అన్నాను. ఆయన ముఖం తేలికపడింది. నాకు గర్వంగా కూడా అనిపించింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. నెల తిరక్కుండానే ఉద్యోగం పోయింది. సామాను సర్దుకుని ఊరెళ్లిపోయాడు.

తర్వాత మార్కెట్ అక్కణ్ణుంచి తరలిపోయింది. గిరాకీ లేక నేను షాపు మీర్‌పేట్‌కు మార్చాను. ఆ దిగులుతోనే కావచ్చు, నాకూ దడ పట్టుకుంది. ఎల్బీ నగర్‌లో డాక్టరమ్మ రాసిన చీటీ చూడగానే గుర్తుపట్టాను, అదే మందు. "కొన్ని వారాల దాక ఫరక్ తెల్వది. కడుపుల తిప్పినా నాకు చెప్పకుంట ఆపొద్దు," అందామె. మొదటి వారం సార్ చెప్పినవన్నీ నాకూ వచ్చాయి. ఐదో వారంలో ఒక ఉదయం షాపు తెరిచి కూర్చున్నాక గానీ గమనించలేదు, దడ లేదు. సంతోషించాల్సిన మనిషిని, కౌంటర్ వెనక కూర్చుని ఏడ్చాను.

సార్ పాత నంబర్‌కు ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. నా గొంతు విని ఎంత సంబరపడ్డాడో! "మీరు చెప్పాక మళ్లీ ఆ మందుల జోలికి, డాక్టర్ల జోలికి పోలేదండీ. పాఠాలు మానేశాను. ఇంట్లోనే ఉంటున్నా. బజారుకు కూడా మా ఆవిడే వెళ్తుంది."

అంత మంచిగా మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేద్దామనిపించింది. కానీ చెప్పాను. "సార్, నేను తప్పు చెప్పిన. అది వారాలకు వారాలు వాడాల్సిన మందు. నేను గూడ వాడిన, నాకు తగ్గింది. మీరు మళ్ల డాక్టర్ దగ్గరికి పోండ్రి."

తిడతాడని చూశాను. తిట్టినా బాగుండేది.

"అంటే," అన్నాడు, "అప్పుడు ఇంకో నెల ఓపిక పట్టుంటే, నేను క్లాసులోనే ఉండేవాణ్ణాండీ?"

"ఉండేటోళ్లేమో సార్," అన్నాను.