చీకటిగా ఉంచవలసిన మూల

మా స్టూడియో బాబాయి పోయారని మొన్న మంగళవారం పొద్దున అమ్మ చెప్పింది. ప్రోతరాపూర్‌లో వాళ్ల అక్కగారింటి వరండాలో టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నవారు ఆనుకున్నట్టే వెళ్లిపోయారట. "పద, చూసొద్దాం" అంది అమ్మ. నేను వెంటనే కదలలేదు. ఏడుపు రాలేదు. ముందుగా నాకు కలిగింది ఒక తేలికదనం. ఇక ఆయనకు క్షమాపణ చెప్పే పని లేదు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. డాలీగంజ్‌లో మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల ఒక్క గది ఫొటో స్టూడియో ఆయనది. వాళ్ల నాన్న శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు ఈ దీవులకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈయనకు పడవ ఎక్కితే వాంతులు. అందుకే ఒడ్డున కెమెరా పట్టుకున్నానని చెప్పేవారు.

పన్నెండో తరగతి అయ్యాక పాస్‌పోర్ట్ ఫొటోకి మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లాను. సిస్టర్ల బడిలో తల వంచుకుని నడవడం బాగా అలవాటైపోయింది. ఆయన నాలుగుసార్లు తల ఎత్తమన్నారు. నాలుగుసార్లూ ఎత్తి, దించేశాను.

"ఒలే గుంటా, కెమెరా కేసి సూడకు. నా ఎనకాల గోడకి కేలెండరుంది, అది సదువు."

తెలుగు కేలెండరు. తిథులు మెల్లగా పైకి చదివాను. ఫొటో ఎప్పుడు తీశారో నాకు తెలియలేదు.

"అరే వాహ్! తెలుగు సదువుతావేటి? మీ బడిలో నేర్పరు కదా?"

"అమ్మ నేర్పింది బాబాయ్."

"ఐతే రేపట్నించి ఇక్కడికి రా. ఈ కేలెండరు సదివీవోళ్లు నానూ, ఆ గోడమీద బల్లీ తప్ప ఎవులూ నేరు."

అలా వెళ్లడం మొదలుపెట్టాను. అరవై దాటాక ఆయన్ని పట్టుకున్న పిచ్చి హెచ్‌డీఆర్ ఫొటోలు. హిందీ వీడియోలు చూసి నేర్చుకుని, నాకు నేర్పారు. తలుపు బయటి ఎండనీ, తలుపు లోపలి చీకటినీ కన్ను ఒకేసారి చూడగలదు, కెమెరా చూడలేదు. ఎండకు సరిపెడితే లోపల నల్లబడిపోతుంది. లోపలికి సరిపెడితే బయట తెల్లగా కాలిపోతుంది. అందుకని స్టాండు కదపకుండా మూడు ఫొటోలు తీస్తాం, ఒకటి వెలుగు కోసం, ఒకటి మధ్యస్తంగా, ఒకటి నీడ కోసం. కంప్యూటర్లో మూడూ ఒకదానిమీద ఒకటి పేర్చి, దేనిలో ఏది బాగా వస్తే అది తీసుకుని ఒక్క ఫొటో చేస్తాం.

మొదట్లో నేను జెట్టీ దగ్గర ఊగుతున్న పడవను తీసుకొచ్చాను. మూడు ఫొటోలు కలిపేసరికి పక్కపక్కన మూడు పడవలు, దయ్యాల్లా.

"మా నాయన బతికుంటే నిన్ను ఇంటికాడే ఎట్టుకుందుడు. ఒక్క పడవని మూడు సేత్తన్నావు కదే!" అని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. తరవాత ఒక గంట కూర్చుని కదిలే వస్తువులను ఎలా సరిచేయాలో చూపించారు.

మౌస్ ముట్టుకునే ముందు లుంగీకి చేతులు తుడుచుకునేవారు. నీడలను తేటపరిచే స్లైడర్‌ను పైదాకా లాగి, అక్కడున్నదంతా ఒకసారి చూసి, మళ్లీ సగం వెనక్కి తెచ్చేవారు. ఎందుకు బాబాయ్, అంతా బాగా కనబడుతోంది కదా అంటే, "కనబడతాది సరే. నీడకీ పనుంటాది. దాని పని దాన్ని సేసుకోనీ" అనేవారు. అది నాకు పాతకాలం మాటలా ఉండేది.

సాయంత్రం వెలుతురు ఉండగానే షట్టరు దించి, గుడ్డసంచీ భుజాన వేసుకుని బస్టాపులో నిలబడేవారు. ఇల్లు దూరంగా, తుష్నాబాద్‌లో. పిన్ని పోయాక ఆ ఇంట్లో ఒక్కరే ఉంటున్నారని మాకందరికీ తెలుసు. అమ్మ అడిగితే, బావి పక్క అరటి గెల వేసిందనీ, కొబ్బరికాయలు ఎలకలు కొట్టేస్తున్నాయనీ చెప్పేవారు.

ఒక మధ్యాహ్నం వాన వెలిసి ఒక్కసారి ఎండ కాసింది. ఆయన టీకి వెళ్లారు. ఫొటోలకు వెనక వేలాడదీసే నీలం తెరకు చెమ్మపట్టిందని ఆ రోజు మడిచి పెట్టారు. నేను గది చివరికంటా వెళ్లి స్టాండు పెట్టాను. ఎదురుగా తలుపు, తలుపులోంచి మెరిసే రోడ్డు. ఎడమవైపు, ఎప్పుడూ ఆ తెర వెనక ఉండే మూలన, ఎండలోకి చూస్తున్న నా కంటికి చీకటి తప్ప ఏమీ లేదు. మూడు ఫొటోలు తీసి, ఆయన వచ్చేలోపు స్టాండు మడిచేశాను. ఆశ్చర్యపరుద్దామని.

ఇంటికొచ్చి మూడూ కలిపి నీడలను తేటపరిచాను. చీకటి మూలలోంచి ఒక మడత మంచం వచ్చింది. దోమతెర వచ్చింది. చిన్న గ్యాస్ పొయ్యి, దాని మీద గిన్నె, తాడు మీద బనీన్లు, స్టీలు గ్లాసులో టూత్‌బ్రష్. నాకు అర్థం కాలేదని చెప్పుకోలేను. టూత్‌బ్రష్ చూసి ఒక్క క్షణం ఆగాను. బ్రష్ కుచ్చు కూడా విడివిడిగా తెలుస్తోంది, ఎంత బాగా వచ్చింది అనుకున్నాను. స్లైడర్ ఇంకొంచెం పైకి జరిపాను.

ఉగాదికి మా తెలుగువాళ్ల హాల్లో పిల్లల బొమ్మలూ, ఫొటోలూ పెడతారు. అది పెద్ద ప్రింటు వేయించి ఇచ్చాను. మొదటి బహుమతి అన్నారు. జనం చుట్టూ చేరారు.

"అరే భయ్యా, ఇది మన స్టూడియో కదేటి? ఆ మంచమేటి, పొయ్యేటి?"

తుష్నాబాద్ బస్సు కండక్టరు ముందుకు వచ్చి కళ్లజోడు సర్దుకున్నాడు. "అదా సంగతి! రోజూ నా బస్సే ఎక్కుతాడు, రెండు స్టాపులెల్లి దిగిపోతాడు. సుగరుంది కదా, వాకింగు అనుకున్నాను నాను. ఎనక్కి నడుసుకొచ్చి ఇందులో తొంగుంటున్నాడన్నమాట."

ఎవరో నవ్వారు. ఎవరో "పాపం" అన్నారు. బాబాయి వాళ్ల వెనకే నిలబడి ఉన్నారు, ఇస్త్రీ చొక్కాలో, నా బహుమతి చూడటానికి వచ్చి.

జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఆయన దగ్గరికి వచ్చి ఫొటోను చాలాసేపు చూశారు. మూల వైపు కాదు, తలుపు వైపు.

"అంచునెంట తెల్ల గీత వొచ్చింది సూడు. లాగుడు ఎక్కువైతే వొస్తాది. మిగతాది బాగుంది."

అంతే అన్నారు.

మర్నాడు మామూలు వేళకే సంచీతో బస్టాపులో నిలబడ్డారు. మా కిటికీలోంచి చూశాను. బస్సు ఆగింది. కండక్టరు ఎప్పటికన్నా మర్యాదగా "ఎక్కండి మాస్టారూ" అన్నాడు. బాబాయి తల అడ్డంగా ఊపారు. రోడ్డు దాటి వెనక్కి స్టూడియోలోకి వెళ్లి, షట్టరు లోపలినుంచి దించుకున్నారు.

పిన్నిని వైద్యానికి చెన్నై తీసుకెళ్లినప్పుడే తుష్నాబాద్ ఇల్లు అమ్మేశారని తరవాత తెలిసింది. నలుగురి నోటా మాట ప్రోతరాపూర్ చేరింది. మోకాళ్ల నొప్పులతో గడప దాటని అక్కగారు ఆటోలో వచ్చి, ఆయన్నీ మంచాన్నీ తీసుకుపోయారు. స్టూడియో మూతపడింది. వెళ్తూ ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"నీ పొటో నేకపోతే నాకు తెలిసీదే కాదు తల్లీ. నీకు పున్నెముంటాది."

బాబాయి ఆటోలో కూర్చుని కెమెరా సంచీ జిప్పు తెరుస్తూ, మూస్తూ ఉన్నారు.

ఆ తరవాత మూడుసార్లు ప్రోతరాపూర్ వెళ్లాను. క్షమించండి బాబాయ్ అని చెప్పాలనే వెళ్లాను. వెళ్లి, అంచుల్లో తెల్ల గీత రాకుండా ఏం చేయాలి అని అడిగేదాన్ని. ఆయన ఓపిగ్గా చెప్పేవారు. వరండాలో ఆయన మంచం ఉన్నచోటు రోడ్డు మీద పోయే ప్రతివాళ్లకూ కనబడుతుంది. మూడోసారి ఆయనే, "ఇంకేటైనా అడగాలా?" అన్నారు. నా ముఖంలోకి చూస్తూ ఆగారు కూడా. "లేదు బాబాయ్" అన్నాను. ఆయన నాకు ఇచ్చిన వీలు అదని బస్సులో కూర్చున్నాక తెలిసింది. దిగి వెనక్కి వెళ్లలేదు.

దినం రోజుకి దండ వేయడానికి ఫొటో కావాలని అక్కగారు నన్నే అడిగారు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే మనిషి. నా దగ్గర ఒక్కటే దొరికింది, తలుపు దగ్గర వెలుతురు చూస్తూ నిలబడ్డప్పుడు తీసింది. ముఖం సగం ఎండలో ఉంది, సగం నీడలో. నా చేయి అలవాటుగా స్లైడర్ మీదికి వెళ్లింది. నీడలోంచి ఆయన రెండో కన్ను బయటికి వస్తుండగా ఆపి, మొత్తం వెనక్కి తెచ్చేశాను.

అక్కగారు ఫ్రేము ఒళ్లో పెట్టుకుని చూశారు.

"ఈ పక్క సీకటిగా ఉందేటమ్మా?"

"అలాగే ఉండనీ అత్తా."

ఆవిడ కళ్లు సరిగా ఆనవు. దుమ్ము అనుకున్నట్టున్నారు. చీర చెంగు వేలికి చుట్టుకుని, అద్దం మీద ఆ నల్లటి సగాన్ని మెల్లగా తుడిచారు. పోలేదు. నోటి ఆవిరి ఊది మళ్లీ తుడవసాగారు.