జాంబీల గుంపులో మా అమ్మ

పుంగనూరు దగ్గర మా ఊరి చేలల్లో ఒక జాంబీ సినిమా తీశారు. చచ్చినవాళ్లు లేచొచ్చి బతికున్నవాళ్లను పీక్కుతినే కథ. చచ్చినవాళ్లుగా నడవడానికి మా ఊరివాళ్లనే పిలిచారు. వీడియో తీద్దామని ఫోన్ ఎత్తితే చాలు, కొంగు అడ్డం పెట్టుకుని తిట్టే మా అమ్మ కూడా వెళ్లిందని తెలిసి కుప్పంలో ఆఫీసులో కూర్చుని పడీ పడీ నవ్వాను. మొహానికి రంగు పూస్తారట, ఎవరూ గుర్తుపట్టరట. అదీ ఆమె ధీమా.

ఆ తర్వాతి వానాకాలంలో జ్వరమొచ్చి అమ్మ పోయింది. ఇంట్లో ఫొటోలు ఉన్నాయి గానీ, అన్నిట్లోనూ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటుంది. నడిచే అమ్మ ఆ సినిమాలో మాత్రమే ఉంది. అది ఈమధ్య మదనపల్లెకు వచ్చింది. ఒక్కసారి చూపించమ్మా అని నాయన ఫోన్ చేశాడు. ఆయన నన్ను ఏదీ అడిగే మనిషి కాడు. సెలవు పెట్టి వచ్చి, పుంగనూరులో ఆయనను బస్సెక్కించుకుని మ్యాట్నీకి తీసుకెళ్లాను.

హాలు దాదాపు ఖాళీ. సినిమా సంగతి ఏం చెప్పను! రక్తం చూస్తే మార్కెట్లో మిగిలిపోయిన టమోటాలన్నీ పిసికినట్టుంది. హీరో కేకలు పెట్టిన చోటల్లా నాకు ఆవలింతలు వచ్చాయి. ముందు వరసలో ఒకాయన హాయిగా గురక పెట్టాడు. నాయన మాత్రం కుర్చీ అంచున కూర్చుని, జాంబీలు కనబడిన ప్రతిసారీ ఒక్కొక్కరినీ వెతుకుతున్నాడు. అందరివీ ఒకేలాంటి బూడిద మొహాలు. అమ్మను గుర్తుపట్టకుండానే ఇంటికి పోతామేమోనని నాకు గుబులు పట్టుకుంది.

ఇంటర్వెల్ తర్వాత జాంబీలు వేరుశనగ చేలో అడ్డంపడి హీరో మీదికి రావాలి. మావాళ్లు పచ్చటి చేను తొక్కుతారా? చచ్చినవాళ్లంతా గట్టు మీద ఒకరి వెనక ఒకరు బుద్ధిగా నడిచి వచ్చారు. ఉన్నట్టుండి ఒక ఆడ జాంబీ గట్టు దిగి, సాళ్ల మధ్య చూసి చూసి అడుగులేస్తూ వెళ్లి, వంగి ఒక కలుపు మొక్క పీకింది. వేళ్లకున్న మట్టి దులిపి, గట్టు మీదికి విసిరేసి, మళ్లీ చేతులు చాచి నడిచింది.

"అదో సూడు, మీయమ్మ," అన్నాడు నాయన.

నేను నవ్వుతూనే ఏడ్చాను. నాయన ఏడవలేదు. ఎన్నో నెలల తర్వాత ఆయన మొహం తేటగా కనిపించింది. అంతలో తెర మీద హీరో తుపాకీ తీశాడు. నాయన లేచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంగ పోదాం పామ్మా. వాళ్లు మీయమ్మను కాల్సేది నేను సూడలేను."

బయట ఇంకా ఎండగానే ఉంది. ఎదురుగా ఉన్న అంగట్లో టీ తాగాం. ఆయన గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా అడిగాడు.

"రేపు మళ్లా వస్తామా పాపా? ఆడిదాకా సూసి లేసొచ్చేద్దాం."

టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లి కనుక్కున్నాను. జనం రావడం లేదనీ, రేపటి నుంచి వేరే సినిమా అనీ, ఈ సాయంత్రం ఆటే ఆఖరనీ చెప్పాడు లోపలి మనిషి. రెండు టికెట్లు తీసుకున్నాను.