ఇస్త్రీ చేసిన పాటలు

ఆ వయసులో నాకు సంగీతం కంటే, సంగీతం తెలిసినవాడన్న పేరు మీదే మోజెక్కువ. అరవైల చివర కర్నూలు నుంచి వచ్చి యూనివర్సిటీ హాస్టల్లో చేరిన ఇంగ్లీషు ఎమ్మే కుర్రాణ్ని. జుట్టు చెవుల మీదికి పెంచితే క్యాంపస్‌లో సగం ఇంగ్లీషు వచ్చినట్టే లెక్క. (మిగతా సగం ఈనాటికీ రాలేదు.) దానికితోడు చంకలో ఒక ఎల్పీ రికార్డు ఉంటే ఇక చెప్పేదేముంది?

రికార్డు నాది కాదు. నా క్లాసుమేటు ఒకడు తార్నాకలో బాబాయి ఇంట్లో ఉండేవాడు. వాళ్ల తాత ఊరి పటేలు కనుక వీణ్నీ ‘పటేలా’ అనేవాళ్లం. లండన్‌లో చదివొచ్చిన ఆ బాబాయి, అక్కడి రాక్ బృందం ఒకదాని ఆల్బం తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో అదొక్కటే రికార్డు. ఆదివారం పొద్దున ఆయన రేడియోగ్రాం మూత ఎత్తి దాన్ని పెడితే, మేమిద్దరం చాప మీద కూర్చుని, ముక్క అర్థంకాకపోయినా తలలూపేవాళ్లం. వారమంతా నేను ఆ గంట కోసమే బతికేవాణ్ని.

“ఒక్కరోజు ఇయ్యి పటేలా, లైబ్రరీ కాడ నలుగురికి చూపించి తెస్తా,” అని బతిమాలాను.

“చూపెట్టుడేందిరా, అది ఇనేది,” అన్నాడు. అయినా బాబాయిని అడిగి తెచ్చిచ్చాడు. “పైలం. ఆయన పానమంత దాన్లనే ఉన్నది.”

అట్ట మీది బొమ్మ అందరికీ కనబడేలా దాన్ని సైకిల్ క్యారియర్‌కు కట్టి, లైబ్రరీ ముందు ఎండలో నిలబెట్టి, పొద్దువాలేదాకా లోపల కూర్చున్నాను. వచ్చి చూస్తే రికార్డు నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరిగింది. మడతపడినదేదైనా ఇస్త్రీతో చక్కబడుతుందని మా అమ్మ పెంపకం. హాస్టల్ చాకలి దగ్గరికి పరుగెత్తాను.

“గిదేం బట్ట సార్? నేనైతే ముట్ట,” అన్నాడతను. ఆ పెద్దమనిషి మాట వినకుండా, తడి తువ్వాలు పరిచి, బొగ్గుల పెట్టె నేనే లాగాను. రికార్డు నున్నగా సాపయింది. దాంతోపాటు పాటలూ సాపయ్యాయి. వాటి చోట తువ్వాలు నేత అచ్చుపడింది. అట్టలో పెట్టి, నోరు మెదపకుండా ఇచ్చేశాను.

ఆదివారం ముల్లు దిగగానే పాడేవాళ్లంతా బావిలో పడ్డట్టు గుడగుడమన్నారు. బాబాయి ముల్లు మార్చాడు, వెనక వైర్లు కదిపాడు. “మిషన్ ఖరాబైనట్టున్నది,” అన్నాడు దిగులుగా.

పటేలు రికార్డు తీసి కిటికీ వెలుతురుకు పట్టాడు. తువ్వాలు గళ్లు నాకు ఇటునుంచే కనబడుతున్నాయి. వాడు నావైపు చూశాడు. ‘నేనే చేశాను’ అనడానికి కావలసినంత సమయమూ ఇచ్చాడు. చివరికి, “అవ్ బాబాయ్, మిషనే,” అని దాన్ని అట్టలో పెట్టేశాడు.

రేడియోగ్రాం మీద దుప్పటి కప్పేశారు. ఆ ఇంట్లో ఆదివారాలు అంతటితో ఆగిపోయాయి. బాబాయి పోయేదాకా, పాపం, తప్పు ఆ మిషన్‌దే అనుకున్నాడు.

తర్వాత పాఠాలు చెప్పి బతికాను కనుక గంటల తరబడి మాట్లాడగలను. మొన్న పటేలుతో ఫోన్లో అరగంట మాట్లాడాను. మోకాళ్లూ, కంటి ఆపరేషనూ, అన్నీ అయ్యాయి.

“ఇంకేందిరా?” అన్నాడు.

“ఇంకేం ల్యా పటేలా.”

వాడు వెంటనే ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఎనభైకి దగ్గరపడినవాణ్ని, చెవికి ఫోన్ ఆనించుకుని, ఇరవై రెండేళ్ల కుర్రాడిలా నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. అటువైపు వాడూ నవ్వినట్టే వినిపించింది.