అజాన్ వేళ ఆగిన శాక్సఫోన్

1943 చలికాలంలో నేను నిజాం సర్కారు ఫౌజు బ్యాండులో నాయక్ హోదా సిపాయిని. యుద్ధంలో రష్యా మనవైపే కనుక, చార్మినార్ దగ్గర ఒక నవాబు గారి పెద్ద భవంతి, దేవిడీలో రష్యా సంగీత కచేరీ పెట్టారు. మా బ్యాండుకు సికింద్రాబాద్ వయొలిన్ల వాళ్లను కలిపి ఆర్కెస్ట్రా చేశారు. కండక్టర్‌గా మద్రాసు నుంచి ఒక దొర వచ్చాడు. బ్యాండు సంగతులు దొరకు చేరవేయడం నా డ్యూటీ.

చివరి అంశంలో శాక్సఫోన్ ఒక్కటే వినిపించే చోటు ఒకటుంది. అది నాకిచ్చారు. మూడు నెలలు ఛత్రినాకలో మా ఇంట్లో సాధన చేస్తే ఇరుగుపొరుగు చెవులు మూసుకున్నారు. నా కాళ్లు మాత్రం నేల మీద ఆనలేదు.

అజాన్ వినిపిస్తే ఎక్కడి స్వరం అక్కడే ఆపడం మా బ్యాండు రివాజు. హిందువైనా ముసల్మానైనా ఒకటే. అందుకే కచేరీ పొద్దుగూకే అజాన్‌కు ముందే ముగిసేలా పెట్టుకున్నారు. రిహార్సళ్లన్నీ పొద్దున జరిగాయి కనుక దొరకు ఈ రివాజు తెలియదు.

ఆరోజు ముఖ్య అతిథి బాగా ఆలస్యంగా వచ్చారు. డ్రమ్ము వాయించే యూసుఫ్ భాయ్ నా దగ్గరికొచ్చి, “దొరకు చెప్పు భాయ్, మధ్యల అజాన్ అయితది” అన్నాడు. చెబితే దొర చివరి అంశం తీసేస్తాడు, నా వంతు పోతుంది.

“ఏం ఫికర్ లేదు భాయ్, అజాన్‌కు ముందే అయిపోతది” అన్నాను.

అయిపోలేదు. నా వాయింపు సగంలో ఉండగా పక్క మసీదులో అజాన్ మొదలైంది. బ్యాండంతా ఒక్కసారి వాద్యాలు దించింది. నేనూ దించాను. దొర చేతికర్ర గాలిలోనే ఉండిపోయింది, మొహం పాలిపోయింది. అందరూ తన మీద తిరగబడ్డారనుకున్నాడట.

నమాజుకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక యూసుఫ్ భాయ్ దొరకు అంతా చెప్పాడు. ఇది నీకు ముందే తెలుసా అని దొర నన్నడిగాడు. తెలుసన్నాను. ఆయన తిట్టలేదు. మళ్లీ మొదలుపెట్టి, నా చోటు రాగానే కర్ర క్లారినెట్ వైపు చూపించాడు. శాక్సఫోన్ లేని బ్యాండ్ల కోసం దాని వంతును క్లారినెట్ కాగితంలో చిన్నగా అచ్చువేసి ఉంచుతారు. నా పక్కనున్న క్లారినెట్ వాడు అది చూసి తప్పు లేకుండా వాయించాడు. నేను శాక్సఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సభ చప్పట్లు కొట్టింది. తేడా ఎవరికీ తెలియలేదు.

కబురు చేరవేసేవాడు తన ముచ్చట కోసం కబురు దాచకూడదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్రతి కచేరీ కాగితం మీద మొట్టమొదట అజాన్ వేళ రాసి కండక్టర్ చేతికిచ్చాను. ఆ అంశం మాత్రం సభలో చివరిదాకా వాయించే అవకాశం మళ్లీ రాలేదు.