చర్చిలో మా మామ పాడని పాట

మొన్న ఆదివారం సాయంత్రం, పక్కింటి అమ్మాయి నా చేతిలో పెట్టిన కాగితం ఒకటి పట్టుకుని, చర్చిలో లాటిన్ పాటల కచేరీ వినడానికి వెళ్ళాను. వెళ్ళానని సులభంగా రాసేశాను గాని, ఆటో దిగి మెట్లు ఎక్కి, ఫ్యాను కింద ఖాళీ కుర్చీ ఒకటి వెతుక్కుని కూలబడేసరికి, ఇంట్లో టీవీ ముందు కునుకు తీస్తూ ఉండిపోయినా బాగుండేదే అనిపించింది. పాడడానికి వచ్చినవాళ్ళు ముప్పై మంది, అందరివీ నల్లబట్టలే, అందరి చేతుల్లోనూ నల్ల అట్టల పుస్తకాలే. రెండు వందల ఏళ్ళకు పైబడిన పూజాగీతాలని కాగితంలో వేశారు. మొదటి రెండు పాటలకూ నేను చెవులు రిక్కించి కూర్చున్నానే తప్ప సగం వినబడలేదు; ఆడవాళ్ళ పై స్థాయి గొంతులు ఈ మధ్య నాకు అందడం లేదు. మూడో పాటలో మాత్రం ఒక వరస తరవాత ఇంకో వరస లేచి, కింది స్థాయి మగ గొంతులు వచ్చి చేరాయి. ఆ గొంతులు వినగానే నా పెదవులు వాటంతటవే కదిలాయి. ఈ పాట నేను పాడినదే, నలభై ఏళ్ళ కిందట, ఈ ఊళ్ళోనే, మరో చిన్న చర్చిలో.

బట్టల మిల్లు వెనక వీధిలోని తెలుగువాళ్ళం లాటిన్ పాడడమేమిటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మాది ఎన్ని తరాల కిందట ఈ తమిళదేశానికి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబమో మా తాతకే సరిగ్గా తెలియదు. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం; ఈ తెలుగు అక్షరాలు కూడా నేను యాభై దాటాక, పట్టుదల కొద్దీ కూడబలుక్కుని నేర్చుకున్నవి. మా మామ, అంటే మా అమ్మకు అన్న, మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేవాడు. నేను కరెంటాఫీసులో లైన్‌మన్‌ని. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వచ్చిందంటే తెల్లవారకముందే మా వీధి మగవాళ్ళం పదిమందిమి స్నానాలు చేసి, నామాలు పెట్టుకుని, భజన పాడుకుంటూ నాలుగు వీధులు తిరిగేవాళ్ళం. తాళాలు మామ చేతిలో ఉండేవి. ఆయన ఒక చరణం పాడి ముగిస్తే, మేమంతా అదే చరణాన్ని అందుకునేవాళ్ళం. ఆయన ముగించకముందే ఎవడైనా నోరు తెరిచాడంటే, ఇంటికి వెళ్ళేదాకా ఆ కంటిచూపు వాడిని వదిలేది కాదు.

ఆ నాలుగు వీధుల్లో ఒకదానిలో, ఫ్రెంచి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆ చిన్న చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆయనే. బృందంలో ఆడవాళ్ళు ఎంతమందైనా ఉన్నారు గాని, కింది స్థాయిలో పాడే మగవాళ్ళు లేక ఆయన అల్లాడిపోతున్నారట. ఒక మార్గళి ఉదయం మామ గొంతు విని, పంచె సర్దుకుంటూ వాకిట్లోకి వచ్చి, మా వెంటే వీధి చివరి టీకొట్టు దాకా నడిచి, చర్చిలో పాడడానికి రమ్మని మమ్మల్ని బతిమాలుకున్నారు. మేము హిందువులమండీ అని నేను నసిగాను. మామ మాత్రం టీ గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేశాడు.

“సామి పాట అంటుండారు గదా సార్. యా సామి అయితే ఏంది?”

అలా మామా నేనూ, వారానికి మూడు సాయంత్రాలు, చర్చి వెనక గదిలో హార్మోనియం పెట్టె చుట్టూ నిలబడడం మొదలుపెట్టాం. లాటిన్ మాటల్ని మాస్టారు చెబుతుంటే తమిళ లిపిలో రాసుకున్నాం. ఆ లిపిలో కకూ గకూ ఒకటే అక్షరం కావడంతో మేము పాడింది ఏ దేవుడికి అర్థమయిందో గాని, మాస్టారు ఓపికగా ఒక్కొక్క మాటా సరిచేసేవారు. సాగదీయవలసిన స్వరాన్ని మేము అలవాటు కొద్దీ ఊపితే, తిన్నగా నిలపండయ్యా అని అరచెయ్యి బల్లపరుపుగా చాపి చూపేవారు. ఇవన్నీ నెలరోజుల్లో దారికొచ్చాయి. రానిదల్లా ఈ పాటే, అప్పుడూ అది వరసలో మూడోదే.

ఇందులో ముందు ఆడవాళ్ళు ఎత్తుకుంటారు. వాళ్ళు సగంలో ఉండగానే అదే వరసతో మరికొందరు లేస్తారు, ఆ పైన ఇంకొందరు, చివరికి మేము. మామకు ఇది మింగుడు పడలేదు. ముందువాళ్ళు పాట ముగించిన తరవాత, గొంతు సవరించుకుని, నిదానంగా, ఎంతో గంభీరంగా ఆయన తన వరస ఎత్తుకునేవాడు. అప్పటికి మిగతావాళ్ళు పేజీ తిప్పేసేవాళ్ళు.

“వాళ్ళు ముగించనే లేదు గదరా, నడాన మనం నోరు పెడితే ఏం మర్యాద?” అని దారిలో నన్ను దబాయించేవాడు.

పెద్దమనిషి మర్యాద అని మేము నవ్వుకున్నాం. ఇంక పదిహేను రోజుల్లో కచేరీ అనగా, మాస్టారు నన్ను పక్కకు పిలిచి, మీ మామకు వినబడడం లేదయ్యా అన్నారు. తాను చెయ్యి ఊపినా, పక్కవాడు మొదలుపెట్టినా ఆయనకు తెలియడం లేదని, ముందువాళ్ళ నోళ్ళు మూతపడడం చూసి అప్పుడు ఎత్తుకుంటున్నాడని చెప్పారు. నాకు చప్పున నమ్మబుద్ధి కాలేదు. ఇంటికి వస్తూ ఆలోచిస్తే అంతా తెలిసొచ్చింది. ముప్పై ఏళ్ళ మగ్గాల మోత ఆ చెవుల్ని ఎప్పుడో తినేసింది. భజనలో ముందు పాడేది ఆయనే కాబట్టి ఎవరినీ వినవలసిన పని ఆయనకు లేకపోయింది, ఆయన కోసం మేమే ఆగాం. ఎదురుగా మాట్లాడితే పెదవులు చూసి మాట అందుకునేవాడు కాబట్టి, ఇంత కాలం ఒక్కళ్ళమూ కనిపెట్టలేదు.

ఆ ఒక్క పాటకూ ఆయన పాడకుండా చూడు, నువ్వు చెబితేనే బాగుంటుంది అని మాస్టారు నా మీద పెట్టారు. నాకు పాట చెప్పింది ఆయన, చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని భజనకు తీసుకువెళ్ళింది ఆయన. నాలుగు రోజులు వాయిదా వేశాను. అయిదో రోజు, సైకిళ్ళు నడిపించుకుంటూ వస్తుంటే, మిల్లు గోడ పక్కన ఆగి, ఆయన చెవి దగ్గరికి వంగి, గట్టిగా చెప్పాను.

“మామా, ఆ మూడో పాటకు నువ్వు నోరు మాత్రం ఆడించు. గొంతు వద్దు.”

కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండేది.

“సరేలేరా. నిలబడితే చాలు గదా,” అని సైకిలెక్కి ముందు వెళ్ళిపోయాడు.

కచేరీనాడు ఉతికి గంజిపెట్టిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. అత్తా, మా వీధి ఆడవాళ్ళు ఇరవై మందీ మల్లెపూలు పెట్టుకుని, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని వెనక బల్లల మీద కూర్చున్నారు. మొదటి పాట మొదలైన కాసేపటికి నా ఎడమపక్క ఏదో వెలితిగా తోచి తిరిగి చూశాను. మామ నోరు కదులుతోంది, గొంతు లేదు. రెండో పాటకూ అంతే. వద్దన్నది ఒక్క పాటకైతే, ఆయన మొత్తం కచేరీ అంతా అలాగే, లాటిన్ మాటలకు ఒక్కదానికీ తప్పు లేకుండా పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. మూడో పాటలో మేము సరిగ్గా సమయానికి అందుకున్నాం. మాస్టారి మొహం వెలిగిపోయింది. బయటికి వచ్చాక అత్త మురిసిపోతూ, అంతమందిలోనూ నీ గొంతు తనియా, వేరుగా తెలిసిందయ్యా అంది మామతో. ఆయనకు వినబడిందో లేదో గాని, నవ్వి తల ఊపాడు. నేను సైకిల్ తాళం తీస్తున్నట్టు వంగి కూర్చున్నాను.

ఆ తరవాతి మార్గళిలో తాళాలు నా చేతికిచ్చేశాడు. నేను చరణం పాడితే పదిమందీ అందుకునేవాళ్ళు, వాళ్ళు ముగించాక మామ గొంతొక్కటే వీధిలో మిగిలి, చివరి మాట దాకా వెళ్ళేది. ఆయన ముగించేదాకా నేను తరవాతి చరణం ఎత్తేవాణ్ణి కాదు, ఎవరూ విసుక్కోలేదు. చర్చిలో మాత్రం అలా ఎందుకు ఆగలేకపోయామని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఒక పాట కాస్త వెనకా ముందూ అయితే ఏమయ్యేది? ఆ లాటిన్ తప్పొప్పులు మా బల్లల మీద కూర్చున్నవాళ్ళకు ఏం తెలుసు? మామ రెండు మార్గళులు అలా వచ్చి, మూడో ఏడు చలి పడడం లేదన్నాడు. ఆ పైన బతికిన పదేళ్ళలో నేను ఆయన పాట వినలేదు.

మొన్నటి కచేరీలో ఎవరూ వెనకబడలేదు. ముప్పై మందీ ఒక్క ఊపిరితో మొదలై ఒక్క ఊపిరితో ఆగారు, నాకు వినబడినంతవరకు. బాగుంది, చాలా బాగుంది, కాని అలసటగా ఉంది. మా వీధి భజనను ఇప్పుడు ఒక వ్యానుకు కట్టిన స్పీకరు మోసుకుని తిరుగుతోంది. మనుషులు తలుపులు తీయకుండానే దండం పెట్టుకుంటున్నారు. నా చెవులూ మామ దారే పట్టాయి. అయినా, మెల్లగా వంగి, బాధపడుతూ, ఇక నువ్వు పాడవద్దులే అని నాకు చెప్పవలసిన కష్టం ఎవరికీ లేదు. పాడమని అడిగేవాళ్ళు ఉంటే కదా.