తాత ముట్టి చూసే ప్లగ్గులు

డిసెంబరు వస్తే చాలు, రిటైరైన ఎలక్ట్రీషియన్ తాత సాయంత్రం టీ తాగి, తాముండే అపార్ట్‌మెంటు నాలుగంతస్తుల్లోనూ ఇంటింటి తలుపూ తడతాడు. క్రిస్మస్ నక్షత్రాలు, దీపాల తోరణాలు పెట్టిన ప్లగ్గుల మీద చెయ్యి తిరగేసి ఆనిస్తాడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. అరచేత్తో ముట్టడు, షాకు కొడితే వేళ్లు బిగుసుకుపోయి వదలవని ఆయన భయం. కర్టెన్ పక్కన కొవ్వొత్తి కనిపిస్తే అడక్కుండానే జరిపేస్తాడు. “నిన్ననేగా చూశారు తాతగారూ” అని ఆడవాళ్లు విసుక్కుంటే, “నిన్నటి వేడి నిన్నటిదమ్మా” అంటాడు తాపీగా.

మొన్న మూడో అంతస్తులో ఒక ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది, వైరు మెత్తబడిపోయింది. వెంటనే పీకేశాడు. కిటికీలో నక్షత్రం ఆరిపోయింది. మంచం మీంచి దాన్నే చూస్తున్న ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తాత గుమ్మంలో కాసేపు తటపటాయించి, కిందికి దిగి, వైరుతో సహా మరో నక్షత్రం తెచ్చి కట్టాడు.

బజారు నుంచి వచ్చిన భార్య, బోసిపోయిన తమ కిటికీ చూసి అడిగింది: “మన నక్షత్రమేదీ?”

“మూడో అంతస్తులో వెలుగుతోంది” అన్నాడు తాత, చెప్పులు విడుస్తూ. “రేపు దాన్నీ ముట్టి చూసి రావాలి.”