తొందరపడి చెప్పిన నా మొదటి సాక్ష్యం

మా చెల్లెలికి విదేశీ మెడికల్ కాలేజీ పంపిన ఆఫర్ లెటర్ మూడో పేజీలో, పాఠాలు ఏ భాషలో చెబుతారో రాసే చోట, ఇంగ్లీషు అని లేదు. ఆ దేశపు భాష పేరు ఉంది. పిల్లల లంచ్ బాక్సులు కడుగుతున్నదాన్ని తడి చేత్తోనే ఆ పేజీ పట్టుకుని నిలబడిపోయాను. సహోదరులారా, నాకు భయం మొదలైన క్షణం అదే.

మా చెల్లెలు ప్రసన్న, నాన్న పోయాక తిరువూరులో మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. నీట్‌లో అర్హత వచ్చింది కానీ ఇక్కడ సీటు రాలేదు. విజయవాడలో ఒక ఏజెంటు విదేశంలో ఎంబీబీఎస్‌కు అప్లై చేయించి, నెల తిరక్కముందే ఆఫర్ లెటర్ పంపాడు. నేను మొదటి పేజీ మాత్రం చదివి, ఆ ఆదివారమే సంఘం ముందు నిలబడి, దేవుడు మా చెల్లెలికి సీటు ఇచ్చాడని విశ్వాసంతో ముందుగానే సాక్ష్యం చెప్పేశాను. మీరంతా స్తోత్రం చెప్పారు, పాస్టర్ గారు కృతజ్ఞత కూడిక కూడా ప్రకటించారు.

ఇంగ్లీషులో చదవకపోతే మన దేశంలో వైద్యం చేయడానికి అనుమతి రాదని ప్రసన్నే ఒకసారి నాతో అంది. ఏజెంటుకు ఫోన్ చేస్తే నవ్వాడు.

“మేడమ్, అదంతా ఫార్మాలిటీ అండి. ప్రార్థన మీరు చేసుకోండి, పేపర్లు నేను చూసుకుంటా. పై సోమవారం పాస్‌పోర్టు, ఒరిజినల్సు పట్టుకొచ్చేయండి.”

సాక్ష్యం చెప్పాక అనుమానపడటం అవిశ్వాసమనుకుని వారం రోజులు మా ఆయనతో కూడా చెప్పలేదు. “ప్రభువా, ఈ అనుమానం నాలోంచి తీసెయ్యి” అని ప్రార్థించాను. ఆయన తీయలేదు, ప్రార్థించిన కొద్దీ అది పెరిగింది.

బుధవారం ఉపవాస ప్రార్థనలో, నర్సుగా రిటైరైన సుగుణమ్మ గారు నా పక్కన కూర్చున్నారు.

“ఏంటమ్మాయ్, సీటొచ్చినోళ్లు కూడా ఏడుస్తారా?”

అంతా చెప్పి, ఇప్పుడు ప్రశ్నలు వేస్తే అవిశ్వాసం కాదా అని అడిగాను.

“ముప్పయ్యేళ్లు దేవుణ్ణి నమ్ముకునే డ్యూటీ చేశాను. అయినా సూది వేసే ముందు సీసా మీద మందు పేరు రెండుసార్లు చదివేదాన్ని. అది అవిశ్వాసమంటావా? ఇంటికెళ్లి ఆ కాలేజీనే అడుగు.”

ఇంటికెళ్లి ప్రసన్నకు చెప్పాను. “అందరూ స్తోత్రం చెప్పాక ఇప్పుడేం ముఖం పెట్టుకుని చర్చికి వెళ్తాం అక్కా” అంటూనే ప్రసన్న ఆ యూనివర్సిటీకి నేరుగా మెయిల్ రాసింది. శుక్రవారం సాయంత్రం జవాబు వచ్చింది. వైద్యవిద్య మొత్తం తమ భాషలోనేనని, ఇంగ్లీషు కోర్సు లేదని రాశారు. పాస్‌పోర్టు ఇంకా మా బీరువాలోనే ఉంది. అన్నేళ్లు పరాయి దేశంలో చదివి, ఇక్కడ పనికిరాని పట్టాతో తిరిగి రావలసిన దారి నుంచి దేవుడు మా చెల్లెల్ని తప్పించాడు. దేవునికే మహిమ.

తీసెయ్యమని నేను బతిమాలిన ఆ అనుమానమే ఆయన జవాబని ఇప్పుడు తెలిసింది. ప్రసన్నకు సీటు ఇంకా రాలేదు. ఇంగ్లీషులో చెప్పే కాలేజీలు వెతికి ఈసారి తనే అప్లై చేస్తోంది, ఆమె కోసం ప్రార్థించండి. మీలో ఎవరి మనసులోనైనా ఇలాంటి ప్రశ్న ఉంటే దాచుకోకండి, మన దేవుడు ప్రశ్నలకు కోపగించుకునేవాడు కాడు, ఆయన్ని నమ్మి అడగండి.

ఆ జవాబు వచ్చిన మర్నాడు పొద్దున పిల్లలకు చెప్పాల్సి వచ్చింది. రెండు వారాలుగా వాళ్లు “పిన్నిని విమానం ఎక్కించు ప్రభువా” అని ప్రార్థిస్తున్నారు.

“అయితే మన ప్రార్థన క్యాన్సిలా అమ్మా?” అంది మా పెద్దమ్మాయి.

“కాదు తల్లీ, అలాగే చెయ్యండి. కాకపోతే ఈసారి అమ్మ అన్ని పేజీలూ చదివాక సాక్ష్యం చెబుతుంది.”